చెక్క బూరలో పలికేది చెక్క కాదు

ఇంటి వెనుక వరండాలో నాలుగు పనిముట్లు పెట్టుకొని లౌడుస్పీకరుకు చెక్కతో బూర తయారుచేసికొనే ఔత్సాహికులు అమెరికాలోను, ఐరోపాలోను, జపానులోను చాలాకాలముగా ఉన్నారు. భారతదేశములోను అక్కడక్కడ ఉన్నారు. వారు చేసిన వస్తువును చూడవచ్చినవారు మొదట దాని అందమును, తరువాత దాని శబ్దమును మెచ్చుకొంటారు. ఆ మెప్పులో తరచు వినిపించే మాట ఒకటి ఉన్నది: "చెక్క కనుకనే ఇంత తియ్యగా పలుకుతున్నది." బూరను చేసినవాడు సైతము ఈ మాటను కాదనడు. టేకుకు ఎంత ఖర్చయినదో, చిత్రిక పట్టుటకు ఎన్ని ఆదివారాలు పోయినవో తెలిసినవానికి ఆ మాట చెవికి ఇంపుగానే ఉంటుంది. కాని భౌతికశాస్త్రము చదువుకొనే విద్యార్థి దీనిని పరీక్షించకుండ ఒప్పుకొనరాదు. మాట నిజమైతే మంచి చెక్క కొనుటకు డబ్బు పెట్టవలెను. నిజము కాకపోతే ఆ డబ్బును, అంతకంటె విలువైన శ్రమను వేరొకచోట పెట్టవలెను.

ఈ భ్రమకు మూలము వాద్యాలతో చేసే పోలికలో ఉన్నది. బొబ్బిలి వీణను ఒకే పనస మొద్దు నుండి తొలుస్తారు. వీణ తీగ సన్ననిది. అది ఎంత కంపించినా తన చుట్టూ ఉన్న గాలిని చెప్పుకోదగినంతగా కదిలించలేదు. తీగలోని కంపనము గుర్రము ద్వారా క్రిందికి దిగి, కుండపై ఉన్న పలకను చేరి, ఆ వెడల్పయిన పలక కంపించినప్పుడే శబ్దము గదిలోకి వస్తున్నది. కనుక అక్కడ చెక్క ముదురుదా లేతదా, ఎంత మందము, ఎంత ఆరినది అనే ప్రశ్నలన్నీ నాదమునకు సంబంధించినవే. వీణలో పలికేది నిజముగా చెక్కయే.

లౌడుస్పీకరు బూర స్థితి దీనికి పూర్తిగా ఎదురు. దానిలో గాలిని కదిలించేది స్పీకరులోని కోను, లేదా చిన్న డయాఫ్రమ్. బూర చేసే పని ఆ కదలిక పోవలసిన దారికి గోడ కట్టుట. కాలువలో నీరు పారుతున్నప్పుడు గట్టు కదలకుండ ఉండుటయే గట్టు గొప్పతనము. బూర గోడ కంపించినదంటే శబ్దశక్తిలో కొంత ఆ కంపనమునకు ఖర్చయిపోయినట్లు. అంతేకాక ఆ గోడ తన సొంత స్వరమును పాటలో కలిపినట్లు కూడ. మట్టి కుండను కొనేటప్పుడు వేలితో తట్టి చూచే అలవాటు తెలుగు ఇండ్లలో ఉన్నది. వీణ చేసేవాడు చెక్కను తట్టినప్పుడు అది మ్రోగితే సంతోషిస్తాడు. బూర చేసేవాడు అదే చెక్కను తట్టి, అది 'టక్'మని మూగబోతే సంతోషించవలెను.

చెక్క అయినా లోహమైనా లోపలి ఆకారమే ముఖ్యమన్న మాటకు వాద్యాలనుండియే సాక్ష్యము దొరుకుతుంది. 1971లో అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు జాన్ కోల్ట్‌మన్ లోపలి కొలతలు ఒకే విధముగా ఉండేటట్లు వెండి, రాగి, చెక్క గొట్టాలతో ఫ్లూటులు సిద్ధముచేసి, వాటిని కంటికి కనబడకుండ వాయింపజేసి పరీక్షించాడు. ఏది వెండిదో, ఏది చెక్కదో వినేవారు పోల్చలేకపోయారు. బరువునుబట్టి గుర్తుపట్టే వీలు లేకుండ చేసినప్పుడు వాయించేవారు కూడ పోల్చలేకపోయారు. గాలి స్తంభము పలికే వాద్యములోనే పదార్థపు పాత్ర ఇంత తక్కువైనప్పుడు, కదలరాని గోడలు గల లౌడుస్పీకరు బూరలో అది ఎక్కువగా ఉంటుందని నమ్ముటకు ఆధారము లేదు.

మరొక ఉదాహరణ లండనులో ఉన్నది. అక్కడి సైన్స్ మ్యూజియములో ఆర్. పి. జి. డెన్మన్ 1930 ప్రాంతములో ఒక బ్రహ్మాండమైన బూరను నెలకొల్పి సందర్శకులకు రేడియో ప్రసారాలు వినిపించాడు. దాని పొడవు 27 అడుగులు. చతురస్రాకారపు నోరు ఒక్కొక్క ప్రక్క 7 అడుగులకు పైగా ఉండెను. 1949లో భవనపు పనులు జరుగుతుండగా అది ధ్వంసమయినది. సన్నని మొదటి భాగము మాత్రము మిగిలినది. అది సీసము, తగరము కలిసిన మిశ్రలోహముతో చేసినది. 2014లో తక్కిన భాగమును ఫైబర్‌గ్లాసుతో తిరిగి నిర్మించి మరల వినిపించారు. అంత పేరుపొందిన బూరలో చెక్క ఊసే లేదు. పోయిన ఆకారమును మరియొక పదార్థముతో తిరిగి తెచ్చుకొనగలిగినారు.

అయితే చెక్కను పొగడేవారి అనుభవము అబద్ధమా? పూర్తిగా కాదు. వారు చెక్క బూరను పోల్చేది పెండ్లి పందిళ్ళలోను, జాతరలలోను కర్రకు కట్టే మైకు బూరతో. ఆ రేకు బూర గీపెట్టుతుందన్నది అందరికీ తెలిసినదే. కాని ఆ దోషములో రేకు వాటా ఎంత? పలుచని రేకు గంటవలె కొంత మ్రోగుతుంది, నిజమే. దానికంటె పెద్ద కారణము కొలతలో ఉన్నది. నోటి వ్యాసము 40 సెంటీమీటర్లు గల మైకు బూర చుట్టుకొలత 126 సెంటీమీటర్లు. అంత తరంగదైర్ఘ్యము గల శబ్దపు పౌనఃపున్యము సుమారు 275 హెర్ట్జ్. అంతకు దిగువ స్వరాలను ఆ బూర సరిగా బయటకు పంపలేదు. పురుషుని కంఠములోని మూలస్వరము 100, 150 హెర్ట్జ్ ప్రాంతములో ఉంటుంది కనుక మైకులో ఉపన్యాసకుని గొంతు ఎప్పుడూ పైమెట్టు మీదనే వినిపిస్తుంది. దీనికి తోడు ఆంప్లిఫయరును దాని శక్తికి మించి పెంచే అలవాటు ఒకటి. అదే కొలతతో, అదే మడతలతో టేకులో చేయించి కర్రకు కట్టినా ఉపన్యాసము ఇంచుమించు అట్లే వినిపించును. పెద్దదైన, మందమైన చెక్క బూరను చిన్నదైన, పలుచనైన రేకు బూరతో పోల్చి, గెలుపును చెక్కకు కట్టబెట్టుట న్యాయమైన తీర్పు కాదు.

ఇక బూర చేసే పని ఏమిటో చూడవలెను. గాలిలో చేయి ఊపినప్పుడు చేతికి ఏ బరువూ తెలియదు. నీటిలో ఊపితే తెలుస్తుంది. స్పీకరు కోను గాలిలో ఊపిన చేయివంటిది. కోను బరువు, గాలి తేలిక. అది ముందుకు వచ్చినప్పుడు ఎదుట ఉన్న గాలి నలుప్రక్కలకు జారిపోతుందే కాని నొక్కుకొనదు. అందుచేత సాధారణమైన పెట్టె స్పీకరులోనికి పంపిన విద్యుచ్ఛక్తిలో నూటికి ఒక వంతు శబ్దముగా మారితే అదే ఎక్కువ; మిగిలినదంతా తీగచుట్టలో వేడిగా పోతుంది. కోను ముందు సన్నని గొంతు గల బూర అమర్చితే గాలి ప్రక్కకు జారే దారి మూసుకొనిపోతుంది, కోనుకు బరువు తగులుతుంది, పని జరుగుతుంది. ఆ గొంతులో ఎక్కువ పీడనముతో, తక్కువ వైశాల్యముతో పుట్టిన తరంగము క్రమముగా వెడల్పవుతూ, నోటివద్ద తక్కువ పీడనముతో, ఎక్కువ వైశాల్యముతో గదిలో కలుస్తుంది. విద్యుత్తులో ట్రాన్స్‌ఫార్మరు చేసే పని గాలిలో బూర చేస్తున్నది. ఈ విధముగా నూటికి పది వంతులు, ఇంకా ఎక్కువ కూడ శబ్దముగా మార్చవచ్చును.

"క్రమముగా వెడల్పవుతూ" అన్న మాటలోనే శాస్త్రమంతా ఉన్నది. గరాటువలె తిన్నని గోడలతో చేసినా బూరయే. కాని దాని మొదట్లో వైశాల్యము మరీ త్వరగా పెరిగిపోవుటచేత మంద్రస్వరాలకు కోనుపై బరువు తగలదు. అమెరికాలో వెబ్‌స్టర్ 1919లో ప్రచురించిన సమీకరణము, 1924లో హన్నా, స్లెపియన్ అనే ఇంజనీర్లు వెలువరించిన లెక్కలు ఘాతీయ వక్రము మేలని తేల్చినవి. అనగా సమానమైన ప్రతి దూరమునకు వైశాల్యము సమానమైన రెట్లు పెరగవలెను. చక్రవడ్డీ పెరిగినట్లు అన్నమాట. 1926లో మాట్లాడే సినిమా కొరకు అమెరికాలో వెంట్, తురాస్ నిర్మించిన స్పీకరు యూనిట్లకు అట్టి బూరలనే తగిలించారు. అప్పటి ఆంప్లిఫయర్ల శక్తి కొద్ది వాట్లే కనుక, బూర లేకపోతే వేయిమంది కూర్చున్న హాలులో మాట వినిపించే మార్గము లేదు.

ఘాతీయ బూరకు అవధి పౌనఃపున్యము అని ఒకటి ఉంటుంది. దానికి దిగువ స్వరాలు బూరలో ముందుకు సాగవు. వైశాల్యము ఎంత మెల్లగా పెరిగితే ఈ అవధి అంత క్రిందికి దిగుతుంది. కాని పొడవు పెరిగిపోతుంది. నోటి చుట్టుకొలత కూడ అవధి స్వరపు తరంగదైర్ఘ్యమునకు దాదాపు సమానముగా ఉండవలెను. అంతకు తగ్గితే నోటికి వచ్చిన తరంగములో కొంత పరావర్తనము చెంది గొంతులోకి తిరిగిపోతుంది. కొన్ని స్వరాలు ఉబ్బి, కొన్ని కుంగి వినిపిస్తాయి. ఇండ్లలో చేసిన బూరలలో కనబడే తప్పులన్నిటిలో పెద్దది ఇదే. పొడవు ఎక్కువైనదని, గుమ్మములో పట్టదని, ఒక జానెడు కోసివేస్తారు. పైన పాలిష్ మాత్రము అద్దమువలె ఉంటుంది!

ఈ లెక్కను మంద్రస్వరాలకు వేసి చూస్తే ఇంటిలో బూర పెట్టుకొనుట ఎంత కష్టమో తెలుస్తుంది. 40 హెర్ట్జ్ అవధిగా తీసికొందురు గాక. వెచ్చని గదిలో శబ్దవేగము సెకనుకు 345 మీటర్లు కనుక తరంగదైర్ఘ్యము 8.6 మీటర్లు. నోటి వ్యాసము 2.7 మీటర్లకు పైన, వైశాల్యము సుమారు 5.9 చదరపు మీటర్లు కావలెను. గొంతు 500 చదరపు సెంటీమీటర్లనుకొంటే బూర పొడవు 3.3 మీటర్లు. ఇంత వస్తువును గదిలో పెట్టిన తరువాత వినేవాడు బయట నిలబడవలసిందే.

ఈ చిక్కును విడదీసిన ఘనత పాల్ క్లిప్ష్‌ది. 1904లో జన్మించి 2002లో మరణించిన ఈ అమెరికా ఇంజనీరు 1941లో ఒక వ్యాసములో తన పద్ధతిని వివరించాడు. 1940లలో పేటెంట్లు పొందాడు. 1946లో ఆర్కన్సాస్ రాష్ట్రములోని హోప్ అనే ఊరిలో తయారీ మొదలుపెట్టాడు. క్లిప్ష్‌హార్న్ అనే ఆ స్పీకరు నమూనాలు మారుతూ వచ్చినా అప్పటినుండి ఇప్పటివరకు తయారవుతూనే ఉన్నది. గది మూలను బూరలో భాగముగా చేసికొనుటయే ఆయన పట్టిన కీలకము. ఖాళీ ప్రదేశములో శబ్దము అన్ని వైపులకు వ్యాపిస్తుంది. నేల అడ్డు వస్తే సగము వైపులకే. నేల, ఒక గోడ అయితే నాలుగవ వంతుకే. రెండు గోడలు, నేల కలిసే మూలలో ఎనిమిదవ వంతుకే. కనుక నోటి వైశాల్యములో కూడ ఎనిమిదవ వంతు చాలును. పై లెక్కలోని 5.9 చదరపు మీటర్లు 0.74కు దిగుతుంది, పొడవు 3.3 మీటర్లనుండి 1.85 మీటర్లకు తగ్గుతుంది. ఆ 1.85 మీటర్లను కూడ ప్లైవుడ్ పలకలతో మడతలు పెట్టి, మనిషి ఛాతీ ఎత్తు పెట్టెలో ఇమిడ్చినాడు. మిగిలిన పెరుగుదలను ఇంటి గోడలే పూర్తిచేస్తాయి.

దీనిని మేధాశక్తితో చేసిన పొదుపు అనవచ్చును. క్లిప్ష్ మరొక తెలివికూడ చూపినాడు. బూరలోని గాలి, అవధికి దగ్గరి స్వరాల వద్ద కోనుకు బరువువలె మాత్రమే కాక ద్రవ్యరాశి తగిలించినట్లు కూడ అడ్డుపడుతుంది. కోను వెనుక గాలి చొరబడని చిన్న గది కట్టితే, అందులోని గాలి స్ప్రింగువలె పనిచేసి ఆ ద్రవ్యరాశి ప్రభావమును కొట్టివేస్తుంది. ఆ గది ఘనపరిమాణము గొంతు వైశాల్యమునుబట్టి, వైశాల్యము రెట్టింపయ్యే దూరమునుబట్టి వస్తుంది. పై ఉదాహరణకు అది సుమారు 69 లీటర్లు. ఇంటిలో నకలు చేసేవారు బయటి పెట్టెను అంగుళమైనా తేడా లేకుండ కొలుస్తారు. ఈ వెనుక గదిలో మాత్రము కోను ఎట్లు పడితే అట్లు బిగిస్తారు, అతుకుల సందులనుండి గాలి పోతున్నా పట్టించుకొనరు. కంటికి కనబడని భాగమునకు ఎప్పుడూ ఇదే గతి.

క్లిప్ష్‌హార్న్ పుట్టిన కాలములో దాని ప్రధాన గుణము దక్షత. తయారీదారుల లెక్క ప్రకారము ఒక వాటు శక్తికి, ఒక మీటరు దూరములో అది 105 డెసిబెల్ల శబ్దము ఇస్తుంది. గది మూల చేసే సహాయము దీనిలో చేరియున్నది. మామూలు పెట్టె స్పీకరు 88 ఇస్తుందనుకొంటే తేడా 17 డెసిబెల్లు, అనగా యాభై రెట్లు. దానికి 50 వాట్లు కావలసిన చోట దీనికి ఒక వాటు చాలును. ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లు వచ్చి వాట్లు చవుక అయిన తరువాత ఈ వాదము బలము చాలవరకు తగ్గిపోయినది. మిగిలినది రెండవ గుణము: తక్కువ వికృతి. అంతే శబ్దమునకు బూరలోని కోను చాలా తక్కువ దూరము కదులుతుంది. మంద్రస్వరమునకు ముందుకు వెనుకకు పెద్దగా ఊగే కోను, అదే సమయములో పలికే పైస్వరమును కూడ తనతోపాటు ఊపి చెడగొట్టుతుంది. వచ్చే రైలు కూత, పోయే రైలు కూత వేరుగా వినిపించినట్లే. కదలిక తగ్గితే ఈ దోషము తగ్గుతుంది. క్లిప్ష్ దీనిని కొలిచి చూపి, జీవితాంతము నొక్కిచెప్పుతూ వచ్చినాడు. ఈ వాదము నేటికీ చెక్కుచెదరలేదు. తియ్యదనమని వినేవారు మెచ్చుకొనే దానిలో పెద్ద భాగము ఇదే కావచ్చును. దానికి కారణము ఆకారము, దాని వలన తగ్గిన కదలిక. గమనింపదగిన సంగతి మరొకటి ఉన్నది: క్లిప్ష్‌హార్న్‌లో మధ్యస్వరాలు పలికే బూరను చాలా సంవత్సరాలు అల్యూమినియముతో పోతపోసి అమర్చినారు. దానిని మెచ్చుకొన్నవారిలో ఎందరో ఆ లోహపు బూర పాడిన కంఠాన్ని చెక్క తియ్యదనమని తలచియుందురు.

ఇంత పొగిడిన తరువాత లోపాలు చెప్పకపోతే విమర్శ కాదు. మూల లేకపోతే ఈ స్పీకరు సగము స్పీకరే. స్టీరియోకు రెండు మూలలు కావలెను. అవి ఒకే గోడకు రెండు చివర్ల ఉండవలెను. ఆ రెండింటి వద్ద తలుపుగాని, కిటికీగాని, బీరువాగాని ఉండరాదు. ఇట్టి గది తెలుగు దేశపు ఇండ్లలో ఎన్ని దొరుకునో చదువరులే ఊహింపవచ్చును. గోడలు బాగా దూరమైతే పాట మధ్యలో ఖాళీ వినిపిస్తుంది. క్లిప్ష్ స్వయముగా మధ్యలో మూడవ స్పీకరు పెట్టుమని సలహా ఇచ్చేవాడు. 21వ శతాబ్దపు నమూనాలలో వెనుకభాగమును కూడ మూసి గోడలపై ఆధారమును తగ్గించుట, ఆ నిబంధన ఎంత ఇబ్బందిదో ఒప్పుకొన్నట్లే. ఇక మడతల విషయము. సన్నని దారిలో వంపులు తిరుగుట పొడవైన తరంగాలకే సాధ్యము. మూడు భాగాల నమూనాలో మంద్రపు బూరను 400 హెర్ట్జ్ వద్దనే ఆపి పైస్వరాలను వేరే బూరలకు అప్పగించినారు. 1.85 మీటర్ల దారి దాటుటకు శబ్దమునకు సెకనులో వెయ్యవ వంతులు ఐదుకు పైగా పట్టును కనుక మంద్రము కొంచెము వెనుకబడి వస్తుంది. దీనిని కొందరు పెద్ద తప్పుగా చెప్పుతారు గాని, మూల దొరకకపోవుటతో పోల్చితే ఇది చిన్న విషయమే.

ఇంటి పనివాడు క్లిప్ష్ నమూనాను నకలు చేయబూనుట సాహసమే కాని వివేకము కాదు. ప్లైవుడ్ పలకలు చాలా కావలెను. వాటిలో పెక్కు లంబకోణములో ఉండవు. ఒకసారి బంకపెట్టి మూసిన తరువాత లోపలి తప్పు దిద్దుటకు వీలుండదు. మంద్రస్వరపు బూరలో పీడనము ఎక్కువ, పలకలు వెడల్పు. ఒక్క పలక సడలినా అది వీణ పలకవలె తన పాట తాను పాడుతుంది. చెక్కకు నిజముగా పాత్ర ఉన్నచోటు ఇది ఒక్కటే. ఆ పాత్ర కూడ మౌనముగా ఉండుటయే. నిలువు అడ్డము నారలతో పొరలు అతికించిన ప్లైవుడ్ ఈ పనికి ఖరీదైన టేకు పలకకంటె మేలు, ఎందుకనగా తడికి ఆరుదలకు వంగదు, చీలదు. లోపల అడ్డకర్రలు బిగించవలెను. రెండు పలుచని పలకల మధ్య ఎండిన ఇసుక నింపుట మరొక మార్గము. ఇంగ్లండులో వార్ఫ్‌డేల్ స్థాపకుడు గిల్బర్ట్ బ్రిగ్స్ స్పీకరు పలకలకు ఈ చవుక ఉపాయమును వాడినాడు. గోదావరి ఇసుక దీనికి ఏ విదేశీ పదార్థమునకు తీసిపోదు.

పాఠశాల వర్కుషాపులో చేయదగినది మడతలు లేని మధ్యస్వరపు బూర. 1974లో ఇంగ్లండు పత్రిక వైర్‌లెస్ వరల్డ్‌లో జాక్ డిన్స్‌డేల్, 1986లో అమెరికా పత్రిక స్పీకర్ బిల్డర్‌లో బ్రూస్ ఎడ్గర్ వ్రాసిన వ్యాసాలు ఎందరో ఔత్సాహికులకు దారి చూపినవి. ఎడ్గర్ వాడినది ట్రాక్‌ట్రిక్స్ అనే మరొక వక్రము. దానిని స్పీకర్లకు మొదట తెచ్చినవాడు ఇంగ్లండులోని పాల్ వోయిట్. దానికి, ఘాతీయ వక్రమునకు తేడా ముఖ్యముగా నోటి దగ్గరనే కనబడుతుంది. మొదటిసారి చేసేవారు ఘాతీయమునే తీసికొనవచ్చును, లెక్క తేలిక.

300 హెర్ట్జ్ అవధికి కొలతలు ఇవి. చతురస్రపు గొంతు ప్రక్క 4.4 సెంటీమీటర్లు. ప్రతి 6.3 సెంటీమీటర్ల పొడవుకు వైశాల్యము రెట్టింపు కావలెను. అనగా ప్రతి 12.7 సెంటీమీటర్లకు ప్రక్క కొలత రెట్టింపగును. 36 సెంటీమీటర్ల పొడవు చేరేసరికి నోరు ప్రక్కకు 32 సెంటీమీటర్లు. ఈ వక్రమును పలకలను వంచి తెచ్చుట కష్టము. దానికంటె, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో ఇరవై చతురస్రపు చట్రాలు కోసి ఒకదానిపై ఒకటి బంకతో అతికించుట విద్యార్థులకు సులువు. ప్రతి చట్రపు రంధ్రము క్రింది దానికంటె సుమారు పదవ వంతు పెద్దది. పెద్ద చట్రమునుండి కోసి తీసిన ముక్కలోనుంచే చిన్న చట్రము వస్తుంది కనుక చెక్క వృధా కాదు. తరువాత లోపలి మెట్లను ఆకురాయితో నునుపు చేయవలెను. పాత రేడియోలోని నాలుగంగుళాల స్పీకరును గొంతుకు బిగించి, దాని వెనుక చిన్న పెట్టె మూసి, ఎనిమిది ఓముల స్పీకరయితే 40 మైక్రోఫారడ్ల ధ్రువరహిత కండెన్సరును శ్రేణిలో పెట్టితే 500 హెర్ట్జ్ దిగువ స్వరాలు చాలవరకు తగ్గి కోను బెదరదు.

ఒక బూరతో ఆగరాదు. ఆ చెక్క బూర లోపల పలుచని గుడ్డ పరచి, దానినే అచ్చుగా వాడి, అదే ఆకారములో మట్టి దిమ్మను తీయవలెను. ఆ దిమ్మపై కాగితపు గుజ్జును వేలెడు మందాన మెత్తి ఆరనిస్తే రెండవ బూర సిద్ధము. పాత కాగితాలను నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి బుట్టలు చేసే విద్య పల్లెల్లోని పెద్ద ముత్తైదువలకు బాగా తెలుసును. వారిలో ఒకరిని పాఠశాలకు పిలిస్తే పని చక్కగా సాగును. అదే స్పీకరును ఒకసారి ఈ బూరకు, ఒకసారి ఆ బూరకు తగిలించి, తెర వెనుకనుండి ఒకే పాట ఇరవైసార్లు వినిపించవలెను. ఏ సారి ఏది అన్నది నాణెము ఎగురవేసి నిర్ణయించవలెను. విద్యార్థులు ఒకరి కాగితము ఒకరు చూడకుండ "చెక్క", "కాగితము" అని వ్రాయవలెను. ఊహించి చెప్పినవాడికైనా పది సరిపోవును. పదిహేనుకు పైగా సరిపోతేనే ఆలోచింపదగిన తేడా ఉన్నట్లు. తెర వెనుక మనిషి ఒక్క జాగ్రత్త మాత్రము మరువరాదు: రెండు బూరల శబ్దము సమానముగా ఉండేటట్లు ఆంప్లిఫయరు పిడిని సరిచేసికొనవలెను. కొంచెము పెద్దగా వినిపించినదే చెవికి మంచిదిగా తోచుట సహజము కనుక, ఆ సవరణ లేకుండ వచ్చిన జవాబులు లెక్కకు రావు.